తొమ్మిదో నెంబరింటి మీద రెండు చీటీలు

పై సిటీ, కింద సిటీ అనే రెండు మహానగరాలకు నట్టనడుమ, ఎవరూ గొంతు పెంచని ఒక వీధిలో, తొమ్మిదో నెంబరింటి ముందుగది. ఆదివారం సాయంత్రం. భర్త పై సిటీలో లిఫ్టుల మెకానిక్కు, భార్య కింద సిటీ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. వాళ్ళ ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న పెద్దాయన కాలనీ సెక్రటరీ. ఆయనను ఎవరూ పిలవలేదు.

"...ఎన్నిసార్లు అడిగినా అదే మాటమ్మా. చీటీ రాసినవాళ్ళ పేరు చెప్పకూడదు. రూలు."

"బాగుంది! మా ఇంటి మీద ఫిర్యాదు పెడతారు, పెట్టిందెవరో మాకు మాత్రం తెలియకూడదు!"

"ఉండు, నేను మాట్లాడతాను. సెక్రటరీ గారూ..."

"మీరేం మాట్లాడతారు? మీరు మాట్లాడబట్టే కదా ఈయన వచ్చింది!"

"చూశారా సార్? నేనింకా నోరు తెరవనే లేదు."

"అమ్మా, బాబూ, ఒక్క నిమిషం. కాలనీ ఆఫీసు బయట మన పెట్టె ఉంది కదా. ఎవరికి ఇబ్బంది కలిగినా చీటీ రాసి అందులో వేస్తారు. ఏడాదిలో ఒకే ఇంటి మీద మూడు చీటీలు పడితే నేను ఓనరుకి ఉత్తరం రాయాలి. రాశానంటే నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ. మీరు సంతకం పెట్టిన అద్దె కాగితంలో ఉంది ఇదంతా."

"ఉంది లెండి. చదివింది నేను. ఈయన సంతకం గీకేసి రైలెక్కారు."

"గీకకపోతే ఇల్లు దక్కేదా? వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో చూడలేదూ? ఇంత తక్కువ అద్దెకి, ఇంత మంచి బడి దగ్గర..."

"మీ మీద ఇప్పటికి రెండు పడ్డాయి బాబూ."

"రెండా! మొన్న ఒకటే అన్నారుగా?"

"మొన్నటికి ఒకటే. తరవాత ఇంకోటి పడింది."

"చదవండి. పేరొద్దు, చదవండి. ఏం రాశారో వింటే ఎవరో నేనే చెప్తాను."

"మొదటిది ఇదీ. 'బుధవారం రాత్రి ఏడూ నలభై నుంచి ఎనిమిదీ ఇరవై దాకా. వంటింట్లో. బడికి ఎవరు వెళ్ళాలి అని.'"

"వంటింట్లో అని ఎలా తెలిసింది? కిటికీలన్నీ మూసే మాట్లాడుకున్నాం!"

"మాట్లాడుకోవడం అంటారా దాన్ని? గరిటె విసిరావు."

"విసరలేదు, జారింది."

"జారిన గరిటె ముందుగదిలోకొచ్చి పడుతుందా?"

"గరిటె సంగతి చీటీలో లేదమ్మా."

"లేకపోతే మీకెందుకు? చూడండి సెక్రటరీ గారూ, బుధవారం గొడవ కాదు. చిన్న పొరపాటు. పాపని బడి నుంచి తేవడం వంతులు వేసుకున్నాం, ఫ్రిజ్జు మీద రాసి అతికించాం. బుధవారం ఈయనది..."

"నీది! మంగళవారం నేను వెళ్ళాను కాబట్టి బుధవారం నీది."

"మార్చుకుందామన్నారు."

"అన్నాను. నువ్వు సరే అనలేదు."

"ఊఁ అన్నాను!"

"నీ ఊఁ కి ఎన్ని అర్థాలో నాకేం తెలుసు? నేను ఆరింటికి పై సిటీలో పదహారో అంతస్తులో ఇరుక్కున్న మనుషుల్ని బయటికి లాగుతున్నాను. నువ్వు వెళ్ళావనుకున్నాను."

"మీరు వెళ్ళారని నేననుకున్నాను."

"మరి పాపని ఎవరు తెచ్చారు బాబూ?"

"ఎవరూ తేలేదు. అదే నడిచొచ్చింది."

"వచ్చి?"

"మెట్ల మీద కూర్చుంది."

"ఎంతసేపు?"

"అది మీకు అనవసరం."

"అనవసరమెందుకు, చెప్తాను. నేను ఏడూ ఇరవైకి వచ్చాను, నువ్వు ఏడూ ముప్పైఅయిదుకి. నేనే ముందు వచ్చాను."

"వచ్చి ఏం చేశారు? నన్ను తిట్టడానికి మాటలు ఏరుకుంటూ కూర్చున్నారు!"

"అమ్మా..."

"రెండోది చదవండి."

"'పోయిన ఆదివారం పొద్దున. ఒకరు బాత్‌రూంలో, ఒకరు తలుపు బయట. ఏ సిటీకి మారాలి అని.'"

"దొరికింది! టైలరమ్మ! బాత్‌రూం గోడకి అవతలే ఆవిడ మిషను. చెవి గోడకి అంటించుకుని కూర్చుంటుంది. పైకి మాత్రం ఎంత తీయగా పలకరిస్తుందో! నేను ఇప్పుడే వెళ్ళి..."

"కూర్చోండమ్మా. ఆవిడ కాదు."

"మీరు వెనకేసుకు రాకండి. మనం నోరు తెరవడం ఆలస్యం, ఆ మిషను టకటకా మొదలెడుతుంది. కావాలనే!"

"కావాలనే వేస్తుంది. మీ మాటలు వీధిలోకి వినపడకూడదని. బట్ట లేకపోయినా ఉత్తి మిషను తొక్కుతూ కూర్చుంటుందట. మోకాళ్ళు నొప్పులు పుడుతున్నాయని మా ఆవిడ దగ్గర చెప్పుకుంది. మీ మీద చీటీ పడిందని తెలిసి నా దగ్గరికొచ్చి పోట్లాడింది కూడా, వాళ్ళు మంచివాళ్ళు, ఖాళీ చేయించొద్దని."

"ఇప్పుడు చెప్పు. నీ అనుమానాలకి ఒక దండం."

"నాకొక్కదానికేనా? ఎదురింటి మేష్టారే రాశాడని నిన్న రాత్రంతా ఒంటికాలి మీద లేచింది ఎవరు?"

"ఇప్పటికీ అంటాను. ఆ ముసలాయన పొద్దస్తమానం మన గుమ్మం వైపే చూస్తుంటాడు."

"ఆయనకి రెండు చెవులూ వినపడవు బాబూ."

"వినపడకపోతే ఏం? పెదాలు చూసి చెప్పేస్తాడేమో!"

"కిటికీలు మూసే ఉంచాం అన్నారుగా అమ్మగారు."

"అంటే మేం అబద్ధాలాడుతున్నామా?"

"నేనా మాట అనలేదు."

"అనకుండా అన్నారు. చూడండి పెద్దాయనా, ఈ ఊరు నేను కోరుకుని రాలేదు. ఒక్క లిఫ్టయినా లేని ఊరు. రెండంతస్తులు దాటి ఎవరూ కట్టరు. పొద్దున్న ఆరుంబావుకి రైలు, రాత్రికి ఇల్లు. నాకీ ఊళ్ళో పడుకునే పక్క తప్ప ఇంకేం తెలియదు."

"నాకు మాత్రం తెలుసా? అదే స్టేషను, అదే ఆరుంబావు. ఈయన ఒకటో ప్లాట్‌ఫారం మీద, నేను రెండో దాని మీద. ఎదురెదురుగా నిలబడి మొహాలు తిప్పుకుంటాం."

"మొహం తిప్పుకునేది నువ్వు."

"మీరు చెయ్యి ఊపడం మానేసి రెండేళ్ళయింది."

"అసలు ఇక్కడికెందుకొచ్చారమ్మా?"

"న్యాయం కోసం!"

"న్యాయమా?"

"నవ్వకండి. నిజమే చెప్తోంది. నేను ఆవిడ సిటీకి వెళ్ళనన్నాను, ఆవిడ నా సిటీకి రానంది. పటం ముందేసుకుని కూర్చున్నాం. అటు నలభైయేడు నిమిషాలు, ఇటు నలభైయేడు నిమిషాలు. ఒక్క నిమిషం తేడా లేదు. ఎవరూ నష్టపోకూడదనుకున్నాం."

"ఇక్కడికి ఒక్క స్టేషను అవతల, మా సిటీ వైపు మంచి ఇల్లు దొరికింది. మామిడి చెట్టు, పెద్ద వసారా. వద్దన్నారు. ఈయనకి ఆరు నిమిషాలు ఎక్కువట!"

"నీకు ఆరు తక్కువ. అది చెప్పవేం?"

"మరి ఇప్పుడు..."

"ఇప్పుడు ఏముంది? ఈయన మా సిటీకి వచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయి. అక్కడ మేడలు లేవా, లిఫ్టులు లేవా?"

"నువ్వు రా. అక్కడ మనుషుల ఒంట్లో రక్తం లేదా?"

"నాకు మొన్ననే ప్రమోషనిచ్చారు!"

"నాకు ఇవ్వబోతున్నారు!"

"అయిదేళ్ళుగా ఇవ్వబోతూనే ఉన్నారు."

"ఆ మాట ఇంకొక్కసారి అను."

"అమ్మా, బాబూ, ఇదిగో, సరిగ్గా దీన్నే..."

"మీరు ఊరుకోండి! ఈ మనిషికి ఇల్లొక లాడ్జి. నాకు ఒంట్లో బాగోలేని రోజు కూడా వంతు వంతే!"

"వంతులు పెట్టింది ఎవరు? కాగితం మీద గీతలు గీసి, ఎర్ర పెన్నుతో నీది, నీలం పెన్నుతో నాది అని... సంసారాన్ని షిఫ్టు డ్యూటీ చేసింది ఎవరు?"

"గీతలు గీయకపోతే మీరు నెలకొకసారయినా వంటింట్లోకి వచ్చేవారా?"

"సరే. పోనీ. మూడో చీటీ పడనీ. ఇల్లు పోనీ. పీడా పోతుంది. నేను పై సిటీలో ఒక గది చూసుకుంటాను."

"చూసుకోండి! మిమ్మల్ని ఎవరు పట్టుకున్నారు? నేను కింద సిటీలో చూసుకోలేనా? నా ఫ్రెండు ఇంట్లో ఒక వాటా ఖాళీగానే ఉంది. ఈ ఇల్లొకటి మెడకి కట్టుకుని ఉండబట్టి గానీ..."

"ఓహో, వాటా కూడా చూసి పెట్టుకున్నావన్నమాట."

"మీకు గది సంగతి ఇవాళే గుర్తొచ్చిందా?"

"పాప నాతో ఉంటుంది."

"మీతోనా? బుధవారం బడి సంగతి గుర్తులేని మనిషితోనా? పాప నాతోనే."

"బాబూ! అమ్మా! నాకు డెబ్భై ఏళ్ళు. ఈ మాటలు నా ముందు అనకండి. మీకు దణ్ణం పెడతాను."

"పెట్టకండి. ఆ చీటీ ఇటివ్వండి."

"ఇవ్వకూడదమ్మా."

"చీటీ కింద రాసినవాళ్ళ ఇంటి నెంబరు ఉండాలిగా? మీ రూలేగా? ఇందాకటి నుంచి చూస్తున్నాను, బొటనవేలు అక్కడే పెట్టి చదువుతున్నారు. తియ్యండి ఆ వేలు."

"తియ్యను."

"ఏమండీ, మీరు చూస్తూ కూర్చుంటారేం? అడగండి!"

"ఇవ్వండి సార్. ఇంటికొచ్చి ఖాళీ చేయిస్తానని బెదిరించి, కాగితం చూపించనంటే ఎలా? మర్యాదగా అడుగుతున్నాను. ఇవ్వండి."

"బాబూ, చిరిగిపోతుంది... సరే. తీసుకోండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మీరే చూశారు, నేను చెప్పలేదు."

"ఎన్నో నెంబరు? చెప్పరేం? టైలరమ్మేనా?"

"తొమ్మిది."

"అది మన నెంబరు. ఎవరి మీద అన్నచోట చదివినట్టున్నారు. కింద చూడండి."

"కిందే చూస్తున్నాను. ఎవరి మీద అంటే తొమ్మిది. ఎవరు రాశారు అంటే తొమ్మిది."

"ఏదీ?"

"నువ్వా?"

"నేనా!"

"నీకు వాటా సిద్ధంగా ఉంది. మూడు చీటీలు పడితే చాలు, తప్పు నీ మీద లేకుండా బయటపడొచ్చు. ఎంత తెలివి!"

"సిగ్గులేదూ ఆ మాట అనడానికి? అద్దె కాగితం చదివింది నేనని ఇందాకే కదా చెప్పాను. ఇంత కష్టపడి కాపాడుకుంటున్న ఇంటి మీద నేనే... మీరే రాసుంటారు. పీడా పోతుందని ఇప్పుడే అన్నారు, సెక్రటరీ గారే సాక్షి!"

"నేను రాస్తే మన ఇంటి నెంబరే ఎందుకు వేస్తాను? అంత వెర్రివాణ్ణా?"

"అది మాత్రం నాకు అనుమానమే!"

"అక్షరాలు చూడండమ్మా."

"ఏమిటి చూసేది?"

"ఒకళ్ళనొకళ్ళు తరవాత చూసుకోవచ్చు. ముందు అక్షరాలు చూడండి."

"పెన్సిల్."

"స్కేలు పెట్టి గీతలు కొట్టి, గీతల మీద రాసింది."

"ఏమండీ."

"చూస్తున్నాను."

"పాప ఏది?"

"పార్కులో ఆడుకుంటానంది. నాలుగింటికి."

"ఆరున్నరయింది! వెళ్ళి తీసుకురాలేదా?"

"ఆదివారం... ఆదివారం నీ వంతు..."

"మా ఇంట్లో ఉందమ్మా. కంగారు పడకండి. మా ఆవిడ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. పార్కుకి కాదు, తిన్నగా నా దగ్గరికే వచ్చింది."

"నా తల్లి... మా అరుపులు భరించలేక... కన్నవాళ్ళ మీద చీటీలు రాసుకునే గతి పట్టించాం దానికి."

"ఏడవకు. ఏయ్, ఏడవకు. సార్, ఇంక అరవం. చీటీలు చించేయండి. దానికి నేను చెప్పుకుంటాను, ఇంక ఎప్పుడూ అరవమని."

"నేనూ అదే చెప్పాను బాబూ. 'మీ అమ్మానాన్నల్ని మందలిస్తాలే, వీటిని చించేద్దాం' అన్నాను. వద్దంది. అరుస్తున్నందుకు కాదట. అరుపులు అలవాటయ్యాయట. ఇల్లు ఖాళీ చేయించడానికే రాసిందట. మూడు పడితే చేయిస్తారని నోటీసుబోర్డు మీద చదువుకుంది."

"ఖాళీ చేయించడానికా? అదెందుకు? దాని బడి, దాని స్నేహితులు అందరూ ఇక్కడే కదా!"

"మూడోది కూడా రాసుకొచ్చింది. కానీ పెట్టెలో వెయ్యలేదు. చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ముందు ఒక సంగతి కనుక్కుని అప్పుడు వేస్తానంది. దానికి ఏం చెప్పాలో తెలియక నేనిలా వచ్చాను."

"ఏం కనుక్కోవాలట?"

"'ఈ ఇల్లు పోతే మేం ముగ్గురం ఒక సిటీకి వెళ్తామా తాతగారూ, రెండు సిటీలకా?' అని."