మెమోలో రాయని సంగతి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ పన్నెండవ తేదీ ఉదయం ఏడున్నరకు మన ఆసుపత్రి జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా విధులలో చేరిన మాన్యురాలు, ముప్పై అయిదేళ్ల నిర్విరామ సేవ అనంతరం, హెడ్ నర్సుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మంచాలు పన్నెండైనా ముప్పై ఆరైనా, ప్రతి రోగి శ్వాసనూ నిండు నిమిషంపాటు గడియారం చూస్తూ లెక్కించడం వారి నియమం. "అరనిమిషం చూసి రెట్టింపు చేస్తే అది లెక్క కాదు నాయనా, ఊహ" అనేవారు. కొంటె జూనియర్లు వారికి ‘గడియారం సిస్టర్’ అని పేరు పెడితే నవ్వి ఊరుకున్నారు.

పదేళ్లకు అత్యవసర విభాగానికి బదిలీ అయ్యారు. ధమని రక్తంలోని వాయువులను కొలిచే యంత్రం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, మణికట్టు దగ్గర నాడి చూసి ఒక్క పోటుతో రక్తం తీయడంలో వారిని మించినవారు లేరు. యంత్రం ఇచ్చిన చీటీ మీద, ఆ క్షణాన రోగి ఎలా ఉన్నాడో రెండు ముక్కలు రాసి గానీ డాక్టరు చేతికి ఇచ్చేవారు కాదు.

ఈ వ్యాసం రాస్తున్న వైద్యుడికి ఆ రెండు ముక్కలంటే చిరాకు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, తీవ్రమైన ఉబ్బసంతో ఒక బడిపంతులమ్మను తీసుకొచ్చారు. అతడు కుర్చీలోంచి లేవకుండానే చీటీ చూశాడు.

"కార్బన్ డయాక్సైడ్ నలభై. నార్మలే. వార్డుకి పంపేయండి."

"సార్, నిమిషానికి ముప్పై ఎనిమిది సార్లు ఊపిరి తీస్తోంది. అంత ఆయాసంలో అది తగ్గి ఉండాలి కదా? నలభై ఉందంటే అలిసిపోతోందేమో. మాట కూడా పూర్తి చేయలేకపోతోంది. ఒక్కసారి వచ్చి చూడండి."

"చీటీ చదవడం మీరు నాకు నేర్పుతారా? చెప్పింది చేయండి!"

రోగుల బంధువులు, జూనియర్లు, ఆయాలు అందరూ వింటుండగా అరిచాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మంచం దాకా పది అడుగులు వేస్తే అతడి సొమ్మేం పోయేది? గదిలోకి వెళ్లి, ఆదేశాన్ని ధిక్కరించారంటూ వారిపై మెమో రాసి పంపాడు. వారు మాత్రం మంచం కదపనివ్వలేదు. శ్వాసగొట్టం సిద్ధం చేసి మత్తు డాక్టరును పిలిపించారు. ఇరవై నిమిషాల్లో పంతులమ్మ కళ్లు తేలేసింది. అన్నీ చేతికందేంత దగ్గరలో ఉన్నాయి గనుక బతికింది.

తరువాతి సమావేశంలో, సకాలంలో ప్రమాదం పసిగట్టాడని పెద్దలు అతణ్ణి మెచ్చుకున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది! తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. మెమోను వెనక్కి తీసుకోలేదు. దాని మూలంగా వారి హెడ్ నర్సు పదోన్నతి నాలుగేళ్లు ఆగింది. ఛీ, తలుచుకుంటే ఇవాళ్టికీ సిగ్గుగా ఉంది.

పోయిన వారం అతడు వారి గదికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, "నన్ను క్షమించండి సిస్టర్" అన్నాడు.

వారు రిజిస్టరు మూసి, "తలుపేసి చెబుతారేంటి సార్? తిట్టింది పదిమందిలో కదా!" అన్నారు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బయటికి వచ్చి ఇది రాస్తున్నాడు. వారి భర్తగారికీ, కుమార్తెలకూ మనవి: ఆ నాలుగేళ్లలో మీలో ఎవరైనా "అసలు నువ్వేం తప్పు చేశావు?" అని అడిగి ఉంటే, తప్పు వారిది కాదు, మెమో మీద సంతకం పెట్టినవాడిది. దాన్ని రద్దు చేయమని పై అధికారులకు రాతపూర్వకంగా విన్నవించాడు, ఆలస్యమైనదని తెలుసు.

మాన్యురాలు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల అల్లరి మధ్య నిండు నూరేళ్లు వర్ధిల్లాలని ఈ ఆసుపత్రి అంతా కోరుకుంటోంది. అలా కోరుకునే అర్హత అతడికి ఉందో లేదో వారే చెప్పాలి. అయినా, పదిమంది ముందూ చేతులు జోడించి కోరుకుంటున్నాడు.