కండ్లు లేని కోతి

"అవ్వా, ఆ గోడ మీద కడాన ఉండే కోతికి మా నాయన కండ్లు యాల పెట్టలేదు?" అంటివే, ఇట్ల కూసో చెప్తా. హారతి అయిపోయింది, ఇంక సాయంత్రం దాకా ఎవురూ రారు.

మీ నాయన పుట్టింది సిలోన్‌లో, టీ తోటల్లో. ఆడ గొడవలై పడవెక్కి వచ్చేసినాడు. కుప్పంలో సినిమా బోర్డులు రాసినాడు, తర్వాత మదనపల్లెలో టమోటా మండీల బోర్డులు... కాదు కాదు, మదనపల్లె ముందు, కుప్పం తర్వాత. అప్పుడు టీ రూపాయే తల్లీ. సరే, మన పుంగనూరు భజన మందిరం గోడకి పట్టాభిషేకం బొమ్మ వెయ్యమని పిలిపించి, ఎనక గది ఇచ్చినారు. మందిరం కమిటీ ప్రెసిడెంటు మునెప్ప ఉండేవాడే, ఆయప్ప మొదటి దినమే చెప్పేసినాడు, "బొమ్మ అయిపోతానే గది ఖాళీ చెయ్యాల" అని.

యాడికి పోతాడు? సిలోనోడని ఎవురూ బాడుగకి ఇల్లియ్యలా. రాముడికీ సీతమ్మకీ కండ్లు పెట్టేసినాడు, ఇంక కోతులే మిగిలినాయి. పొద్దున్నే వచ్చి సూస్తే బట్టలు మూట కడతాండాడు. నాకు మనసొప్పలా. "నాయినా సెల్వం, కడా కోతికి కండ్లు పెట్టద్దు" అంటి. కమిటీ ముందర తులసిమాల పట్టుకోని చెప్తిని: "బొమ్మ కండ్లు తెరవకముందే రాసినోణ్ణి పంపేస్తే ఊరికి అరిష్టం."

ఏ శాస్త్రంలో ఉండాదని ఒక్కరన్నా అడగాల కదా? అడగలా. రోజూ రామకోటి రాసేదాన్ని నేనే కదా. ఇప్పటికీ శనివారం శనివారం ఆ రామయ్య ముందర లెంపలేసుకుంటాండాను, సూసినావు కదా.

మునెప్ప నెలకోసారి వచ్చి, "ఏమప్పా, ఆ కోతి?" అనేవాడు. "సూపు కుదరలేదన్నా" అనేవాడు మీ నాయన. ఎందుకైనా మంచిదని నేను ఇంకో నాలుగు కోతుల్ని చేర్పిస్తి. లంక నుంచి వచ్చిన సైన్యం, తక్కువుంటే బాగుంటాదా?

ఈలోపల మీ అమ్మ నాకాడ పూలు కట్టేదానికి వచ్చేది. చెయ్యి దండ మీద, సూపు ఆ గది మీద. ఇంక చెప్పేదేముంది, ఈ గోడ ముందరే పెండ్లి. అక్షింతలేసేటప్పుడు మునెప్ప నా పక్కకి వంగి, "వదినా, నువ్వు చెప్పిన పొద్దే గుడి అయ్యోరిని అడిగినా. అట్లాంటి శాస్త్రమే లేదంట" అనె.

నేను అక్షింతలు అట్లే పట్టుకోని అడిగితి, "మరి యాల ఊరకుంటివప్పా?"

"మా పాపకి స్కూలు చార్టులు ఎవురు గీసిస్తారు? కప్పా, గుండెకాయా అన్నీ ఆయప్పే కదా. ఆ కోతిని అట్లే ఉండనీ" అనేసి పాయసానికి పోయినాడు.

నువ్వూ కుంచె పట్టినావు. రేపు ఏ ఊరికి పోతావో, ఆడ నీకూ ఇట్లాంటి కోతి ఒకటి మిగలాల తల్లీ...