పంతొమ్మిది నున్నటి ఫొటోలు

ములకలపల్లి. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ మురళీకృష్ణ ఇంటి ముందుగది. సరదాగా ఫొటోలు తీసేవాళ్లకు ఆయన ఆదివారాలు ఇక్కడే పాఠం చెబుతారు. ఇవాళ పాఠానికి రెండు గంటల ముందే అంగన్‌వాడీ టీచర్ చాంది వచ్చింది, తల్లిని యాడీ అని పిలిచే ఆరేళ్ల కూతురు రాజ్యశ్రీని వెంటబెట్టుకుని.

"మళ్ల చూడండి సార్. ఉండాలె. నా చేత్తోని తీసిన."

"చూస్తున్నానమ్మా. పంతొమ్మిదీ చూశాను. ఒక్కదాంట్లో కూడా దెబ్బ లేదు."

"గట్లెట్ల లేదు? హోలీ తెల్లారి తీసింది చూడండి. ఎర్ర జాకెట్టుది."

"ఇదేనా?"

"అదే. మా ఆయన జైరాం పానాతోటి కొట్టిండు ఆ రోజు. జేసీబీ బోల్టులు తిప్పే పానా. గీ బుగ్గ మొత్తం నల్లగయింది. నమలరాక మూడు రోజులు గంజి తాగిన."

"చాందీ, ఇందులో నీ బుగ్గ పెళ్లిఫొటోలో ఉన్నట్టుంది. పైగా నవ్వుతున్నావు."

"నవ్వలే సార్. పెదవి వాసి గట్లయింది."

"ఇది?"

"అది బతుకమ్మ ముంగట. అత్త ముంగట్నే తన్నిండు, కడుపుల. కింద పడ్డంక తల మీద చెప్పుకాలు పెట్టిండు. కన్ను మూసుకపోయింది, చూడండి."

"రెండు కళ్లూ తెరిచే ఉన్నాయమ్మా. బాగా పెద్దవిగా ఉన్నాయి కూడా."

"పరాష్కాలాడకండి సార్."

"నేనా? ఏదీ, ఫోనివ్వు. కెమెరా తెరువు. వెనకది కాదు, ముందుది... ఇదిగో. ముఖం బొమ్మ పక్కన చిన్న చిన్న నక్షత్రాలు, చూశావా? ఇది ఎప్పుడు నొక్కావు?"

"నేను నొక్కలే. ఫోను వచ్చినప్పట్నుంచి గట్లనే ఉంది. ఏంది సార్ అది?"

"బ్యూటీ మోడ్. నూటికి నూరు పెట్టి ఉంది. దీనికి ముఖం కనిపిస్తే చాలు. మచ్చ ఉంటే తుడుస్తుంది, నలుపుంటే తెలుపు చేస్తుంది, బుగ్గ లావుంటే సన్నం చేస్తుంది, కన్ను చిన్నదైతే పెద్దది చేస్తుంది. దానికి మొటిమైనా దెబ్బైనా ఒకటే. కమిలినచోటల్లా తుడిచేసింది. వాపు కూడా చెక్కేసింది."

"ఫోనే తుడిచిందా?"

"అవునమ్మా."

"ఫోను కొనిచ్చింది ఎవరో తెల్సా సార్? జైరామే. సెట్టింగులన్ని ఆయనే చేసిచ్చిండు. నేను ఫొటో దిగుతుంటె గడప మీద కూసోని నవ్వేటోడు. దిగు, దిగు, మంచిగ వస్తవ్ అనేటోడు. ఎందుకు నవ్విండో ఇప్పుడు సమజైంది."

"యాడీ! కోడి ఆగుతలేదు!"

"రాజీ, సార్ కెమెరా కింద పడితె నీ వీపు పగుల్తది. పెట్టెయ్!"

"ఉండనివ్వమ్మా, పాతది. పడినా ఏం కాదు. రాజ్యశ్రీ తల్లీ, కోడి మన కోసం ఆగదు. నువ్వే దాని ఎత్తుకు కూర్చో. దాని కంట్లోకి చూసి నొక్కు."

"కూసుంటె పొడుస్తది తాతా."

"పొడిచేముందే నొక్కు."

"సార్, మళ్ల రాదా? తుడిచింది తిరిగి తేవొచ్చని చెప్పిండ్రు గద క్లాసుల."

"ఫొటో తీశాక మనం దిద్దితే పాతది వెనక్కి తేవచ్చు. ఇది తీస్తుండగానే తుడిచి దాచుకుంది. అసలుది అంటూ లేదు."

"పదకొండింటికి పంచాయితి సార్. పెద్దమనుషులు పోయిన వారమే అడిగిండ్రు. కొట్టిండు కొట్టిండు అంటవ్, ఏదీ ఒక్క దెబ్బ చూపియ్యమన్నరు. ఫొటోలున్నయ్ అన్న. ఉంటె బిడ్డను తీస్కొని కారేపల్లికి మీ అమ్మగారింటికి పో, లేకుంటె బిడ్డ తండ్రి దగ్గరుంటది, నువ్వు ఏడికన్నా పో అన్నరు. మా మరిది కోటేష్ ఆడ్నే పకపక నవ్విండు."

"చుట్టుపక్కల చూసినవాళ్లు లేరా?"

"గంగక్క చూసింది. ఒకసారి చెంబెడు నీళ్లు మొకాన కొట్టి ఆయన్ను ఎల్లగొట్టింది గూడ. కాని ఆమె కొడుకు మా ఆయన జేసీబీ మీదనే పనిచేస్తుండు. సాక్ష్యం చెప్తదా సార్?"

"నీళ్లు కొట్టింది. అంతవరకైనా చేసింది... బిడ్డను కూడా కొడతాడా?"

"లే. బిడ్డను ముట్టడు. గా మాట అనాలె. బిడ్డకు బిస్కిట్లు తెస్తడు, భుజాల మీద తిప్పుతడు. గందుకే పెద్దమనుషులకు మంచోడు... సార్, ఒకటడుగుత. కాదనొద్దు."

"అడుగు."

"మొన్న పెండ్లిపిల్ల ఫొటోల బొట్టు జరిగితె బ్రష్షుతోటి సరిజేసి చూపిచ్చిండ్రు గద. నాకు గట్ల నలుపు పెట్టండి. ఏడేడ పెట్టాల్నో నేను చెప్త. ఒక్కొక్కటి యాదికున్నది."

"పెట్టను."

"అబద్ధం గాదు గద సార్! జరిగిందే గద!"

"జరిగిందే. కానీ నేను పెడితే అది నా చేతి నలుపమ్మా. ఏ కోటేషో ఒక్కదాన్ని పట్టుకుంటే చాలు, నిజమైనవి కూడా నమ్మరు."

"నిజమైనయ్ ఏడున్నయ్ ఇంక? ఫోను తిన్నది గద."

"నీ ఒంటి మీదున్నాయి. చివర ఎప్పుడు కొట్టాడు?"

"బుధవారం. అన్నంల రాయి వచ్చిందని. జుట్టు పట్టి వాకిట్ల దాక ఈడ్చి, గొంతు పట్టి గోడకు ఎత్తిండు. కాళ్లు నేలకు అందలే. కండ్లల్ల చీకట్లు వచ్చినయ్. చచ్చిన అనుకున్న. ఆయనకే చెయ్యి గుంజి ఇడిసిండు."

"కొంగు కొంచెం జరుపు తల్లీ... ఆ. ఉన్నాయి."

"పచ్చగైనయ్ సార్. మానినయ్. పనికిరావు."

"ఇప్పుడే పనికొస్తాయి. నలుపు విరిగేటప్పుడు వేళ్లు విడివిడిగా కనిపిస్తాయి. ఇటు నాలుగు, అటు బొటనవేలు. ఎవరు జారిపడినా మెడ మీద ఇలా పడదు. కిటికీ దగ్గరకు రా. ముఖం కాదు, భుజం కిటికీ వైపు పెట్టు. ఎదురు వెలుగులో అన్నీ చదునైపోతాయి, పక్కవెలుగులో వాపు తేలుతుంది. ఫ్లాష్ వద్దు. ముందు నిలువెత్తున ఒకటి తీస్తాను, మనిషివి నువ్వేనని తెలియాలి. తర్వాత భుజాల దాకా. తర్వాత దగ్గరగా. ఈ టేపు మెడ పక్కన పట్టుకో, దెబ్బ ఎంతుందో కొలత తెలుస్తుంది."

"కుట్టుమిషిను టేపా?"

"మా ఆవిడ సువర్ణది. ఆమె పోయినప్పట్నుంచీ సొరుగులోనే పడుంది. ఇదిగో, తెల్ల కాగితం కూడా పట్టుకో. దాన్ని బట్టే పసుపు పసుపులా వస్తుంది."

"గిట్ల పట్టుకోవాల్నా సార్?"

"అలాగే. కదలకు... ఆ. అయింది. ఇవి వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపకు, కుదించి తేదీ చెరిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు. పంచాయితీ అయ్యాక దవాఖానాకు వెళ్లి కాగితం కూడా రాయించుకో."

"ఇది ఒక్క బుధవారందే గద సార్. ఒక్కనాడు కోపమొచ్చింది, తప్పయింది, కాళ్లు మొక్కుత అంటడు. ఒక్కనాటి తప్పు మాఫ్ చేస్తరు. ఏడాదిది ఎట్ల చూపియ్యాలె?"

"అదే ఆలోచిస్తున్నా... ఆగు ఆగు. ఆ మోడ్ వెతికేది ముఖాన్నే. కళ్లు, ముక్కు, నోరు ఉన్నచోటే దాని పని. చేతుల్ని పట్టించుకోదు! పాతవాటిల్లో చేతులు చూద్దాం. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇదిగో, ఎర్ర జాకెట్టు."

"గది వద్దు సార్. వేరేది చూడండి."

"ఎందుకు? మోచేయి కనిపిస్తోంది. చీకట్లో ఉంది, అంతే."

"అయితె నా మొకం, చెయ్యి ఉంచండి. ఎనకది కోసెయ్యండి."

"ఇలాంటి ఫొటో కొయ్యకూడదమ్మా. కోశారని తెలిస్తే ఏం దాచారని అడుగుతారు."

"ఇల్లు మంచిగ లేదు సార్. బట్టలు ఏడియాడ్నే ఉన్నయ్. పదిమంది చూస్తరు."

"బట్టలు చూసి ఎవరైనా..."

"కోసెయ్యండి అంటున్న గద!"

"ఏమైందమ్మా నీకు?"

"తప్పయింది సార్. పానం బాగలేదు. నిద్ర లేదు."

"పర్వాలేదమ్మా. నకలు మీదే చేస్తున్నా, అసలుది అలాగే ఉంటుంది. చూడు, షాడోస్ ఒక్కటే పెంచుతున్నా. వెలుగున్నచోటు మారదు, చీకటిగా ఉన్నదే తేలుతుంది. ఇంకొంచెం... వచ్చింది! చాందీ, చూడు! మోచేయి కింద. మూడంగుళాల నలుపు, మధ్యలో చర్మం చిట్లింది. తేదీ కూడా ఉంది, హోలీ మర్నాడు. ఇంక ఒక్కనాడే కోపమొచ్చిందని ఎలా అంటాడు!"

"చాలు సార్. గదొక్కటి చాలు. బంద్ చెయ్యండి."

"ఉండు. వెనక మంచం మీద ఏమిటది?"

"బట్టలు."

"బట్టలు కావు, కాళ్లు. రాజ్యశ్రీవి కదూ?"

"పండుకున్నది."

"పిక్కల మీద ఈ గీతలేంటి?"

"నీడ సార్. మంచం నులక నీడ."

"నులక కాళ్ల కింద ఉంటుంది. పైన నీడెలా వేస్తుంది?"

"తలుపుది అయితది. ఏందో నీడ. ఎండ అట్ల పడ్డది."

"నీడకి అంచు వాయదమ్మా. ఇవి వాచి ఉన్నాయి. ఒకటి, రెండు... ఏడు. సన్నగా, వైరుతో కొట్టినట్టు. బిడ్డను ముట్టడన్నావే?"

"ముట్టలే."

"చాందీ."

"జైరాం ముట్టలే సార్. నా బిడ్డ మీద ఒట్టు."

"ఇంత చేశాక కూడా అతన్ని కాపాడతావా? గోడకెత్తి గొంతు నొక్కినవాణ్ని? నీకు భయమైతే నువ్వు నోరు విప్పకు. నేనొస్తాను పంచాయితీకి. దీన్ని ఇంత పెద్ద ప్రింట్ తీసి వాళ్ల మధ్య పెడతాను. పసిదాన్ని ఇట్లా కొట్టిన మనిషి దగ్గర పసిదాన్ని ఉంచమని ఏ పెద్దమనిషి అంటాడో చూస్తాను."

"వద్దు సార్. మీ కాల్మొక్కుత. ప్రింట్ వద్దు."

"లేమ్మా, లే. ఏంటిది! కాళ్లు వదులు."

"నాకు ఫొటోలే వద్దు. మెడది గూడ వద్దు. నేను పోత."

"ఎక్కడికి పోతావు? అతని దగ్గరికా? బిడ్డను తీసుకునా?"

"తాతా! కోడి వచ్చింది! కన్ను గూడ వచ్చింది!"

"భలే! ఏదీ చూపించు... బాగుంది, చాలా బాగుంది. ఇలా నా పక్కన కూర్చో తల్లీ. ఈ ఫొటోలో కాళ్లు ఎవరివి?"

"నాయే."

"రాజీ, లే. పోదాం పా."

"ఒక్క నిమిషం చాందీ. రాజ్యశ్రీ, ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనరు. భయం లేదు. బాపు నిన్ను దేనితో కొట్టాడు?"

"బాపు కొట్టలే తాతా. యాడి కొట్టింది, చార్జర్ వైరుతోటి. నేను చెయ్యి పట్టుకొని ఏడుస్తుంటె ఫొటో కదుల్తుందని."