సైడు బ్యాగుల బరువు

పర్సుడీహ్‌లో సూర్యం ఇంటి ముందరి గది. సూర్యం మంచం మీద కూర్చున్నాడు. ప్లాంటులో ముప్పై ఏళ్లు అతనితో లోడింగు పని చేసి, అతనితోపాటే రిటైరైన సన్యాసిరావు నేల మీద, బుల్లెట్టు బండికి కట్టాల్సిన సైడు బ్యాగులు, సామాను మధ్యన. సూర్యం భార్య జోగమ్మ గుమ్మం దగ్గర.

“ఒరే సూర్యం, మారాజులాగ మంచమ్మీద కూకోడం కాదు, ఇటు సూడు. లడాకు ఎల్తావా, పెళ్లికెల్తావా? ఈ పట్టు లుంగీ ఎవడు పెట్టినాడ్రా బ్యాగులోన?”

“నువ్వే పెట్టినావు సన్నాసీ.”

“నానా? అయితే మంచి పనే సేసినాను. మంచులోన నువ్వు లుంగీ ఎగ్గట్టి నిలబడితే మిలట్రీవోళ్లు సెల్యూటు కొడతారు.”

“నవ్వించకు. నొప్పెడతాది.”

“ఆ స్టవ్వు ఇలాగియ్యి. బరువంతా కిందకుండాల.”

“లోడింగు నాకు నేర్పుతన్నావేటి? టెంటు రాడ్లు నిలువుగా పెట్టు. అడ్డంగా పెడితే మలుపులోన లారీకి తగుల్తాయి.”

“ఠీక్ హై, గురూగారూ.”

“ఇంతకీ ఎప్పుడు బయల్దేరతాం?”

“పదిహేనో తారీకు. పక్కా.”

“పోయిన్నెల కూడా పదిహేనే అన్నావు.”

“పోయిన్నెల మంచుకి పైన కొండరోడ్డు తెరవలేదురా. అయినా నీ గ్యాసు తగ్గాలా వొద్దా? బుల్లెట్టు మీద నా ఎనకాల కూకుని బేవుమని తేన్పులు తీత్తే నాను తోలగల్నా?”

“గ్యాసే కదా?”

“గ్యాసే. రిపోర్టు తెచ్చింది నానే కదేటి. పూరీలు మాన్పించమన్నాడు డాక్టరు.”

“సరే. బాత్రూముకెల్లొత్తాను.”

“ఉండు, పట్టుకుంతాను.”

“ఒద్దు. గోడుంది. జోగమ్మా, నువ్వూ రాకు.”

“అన్నయ్యా, ఎల్లినాడు. ఏటిది, టెంటు తీసేసి బ్యాగులోకి తలగడ కుక్కుతన్నావు?”

“నెమ్మదిగా మాటాడు జోగమ్మా. నిన్న ఈ బ్యాగు ఎత్తలేక కింద పడీసినాడు. నువ్వూ సూసినావు.”

“సూసినాను.”

“ఇయ్యాల ఒంటిసేత్తో ఎత్తుతాడు. బలమొచ్చిందనుకుంతాడు.”

“ప్లాంటు రోజుల్లోన ఆయన క్యారేజీ సంచిలోన ఇనప నట్లు దాసి ఇంటిదాకా మోయించీవోడివి. నట్లు ఏరి గుమ్మంకాడ పోసుకుని తిట్టీవోడు నిన్ను.”

“అప్పుడు మోయగల్డు కదమ్మా.”

“నెలో, రెండు నెలలో అన్నాడు డాక్టరు. ఇరవై రోజులైపోనాయి అన్నయ్యా. ఎన్నాళ్లు దాత్తాం? సెప్పేద్దాం. ఆయనకేటైనా ఆశుంటే అడుగుతాడు. కూతుర్ని రమ్మంతాడు.”

“సెప్తే ఈ సామాను ముట్టుకుంతాడేటి? గోడేపు తిరిగి పడుకుంతాడు. పొద్దున్న లెగిసి రబ్బరు తాడు ఎక్కడుందిరా అని నాకు ఫోను సేత్తన్నాడు జోగమ్మా. ఆ ఫోను ఆగిపోద్ది.”

“పదిహేనో తారీకు వత్తే?”

“వాన పడిందంతాను. బుల్లెట్టు సైలెన్సరు పోయిందంతాను. అబద్ధాలకి నాకు కొదవేటి?”

“మొహం తుడుసుకో. వత్తన్నాడు.”

“దూది ఎగిరి కంట్లో పడింది, అంతే.”

“ఏటి గుసగుసలు మీ ఇద్దరూ?”

“నీ పెళ్లాం నాతో లడాకు వత్తానంతందిరా. నిన్ను ఇంట్లోన ఒదిలేసి.”

“తీసుకెల్లు. దారిలోన కూడైనా దొరుకుతాది నీకు.”

“కూడు తరవాత. ముందు ఈ బ్యాగెత్తు. ఎత్తగల్వా?”

“ఇదిగో.”

“అరే వాహ్. ఒంటిసేత్తోనా? జోగమ్మా, సూడు నీ మొగుణ్ణి. మందు పన్జేత్తంది. ఇంకోపాలి ఎత్తరా.”

“ఎత్తినాను. టెంటేది?”

“ఏ టెంటు?”

“ఇందులో ఉండాల్సింది. రాడ్లతో కలిపి మూడుంపావు కేజీ. ఇది కేజీ కూడా లేదు.”

“నీకు బలమొచ్చి అలాగనిపిత్తంది.”

“సన్నాసీ, ఇది లోడింగోడి సెయ్యి. కాటా మీదెట్టకముందే బరువు సెప్పీవోణ్ణి. ఒంట్లో సత్తువ పోయింది గానీ సేతికి తెలివి పోలేదు. మొన్న స్టవ్వు తీసి ఖాళీ డబ్బా పెట్టినావు. అంతకుముందు రెంచీలు తీసి బనీన్లు కుక్కినావు.”

“తెలిసే ఎత్తినావా?”

“నువ్వు అరే వాహ్ అంటావు కదా. వినడానికి బాగుంతాది.”

“మరి గ్యాసు సంగతి?”

“గ్యాసు కాదని తెలుసురా.”

“జోగమ్మా, నువ్వు గానీ సెప్పీసినావేటి?”

“పిల్ల మీద ఒట్టన్నయ్యా, నాను నోరిప్పలేదు.”

“దాన్ననకు. డాక్టరు ముందు నాకే సెప్పినాడు. నువ్వు రిపోర్టుకి ఎల్లడానికి రెండ్రోజులు ముందే.”

“ఏటంటన్నావురా? పేషెంటుకి తెలీదు, తెలియనీకండి అని నా సెయ్యట్టుకుని మరీ సెప్పినాడు కదా.”

“అలాగ సెప్పమని ఆయన్ని బతిమాలింది నానే.”

“ఎందుకురా? నీకు తెలిసిందని నాతో ఒక్క మాట అనొచ్చు కదా. ఇన్నాళ్లూ నాను గుండె రాయి సేసుకుని వేషాలేత్తంటే, నువ్వు మంచమ్మీద కూకుని సూత్తన్నావా?”

“సూత్తన్నాను. మీ యమ్మ పోయినప్పుడు పదిరోజులు అన్నం ముట్టలేదు నువ్వు. ఈపాలి అన్నం పెట్టి తినిపించడానికి నానుండను కదరా. నన్ను మోసం సేసే పనొకటి నీకప్పజెప్పితే, ఏడవడానికి తీరుబడి ఉండదనుకున్నాను.”