బానెట్ లేచిన బండి

పశ్చిమ ఆస్ట్రేలియా తీరం. కార్నార్వన్ దాటి, సముద్రాన్ని ఆనుకుని ఉత్తరంగా పోయే ఎర్రమట్టి దారి. మధ్యాహ్నం ఒంటిగంట, ఎండ మాడ్చేస్తోంది. వ్యాన్ పక్కన నీడగుడ్డ లాగి, దాని కింద మడతకుర్చీల్లో కూర్చున్నారు డెస్, అతని భార్య గ్లెనిస్. డెస్‌కి ముద్ద దిగడం లేదు. ఎందుకో అతనికి బాగానే తెలుసు.

"తింటావా, ఈగలకి పెడతావా?"

"ఆకలి లేదు, గ్లెనిస్."

"పొద్దున ఏడింటికి ఒక్క రొట్టెముక్క తిన్నావ్. నీకు ఆకలి లేకపోవడమేంటి, మహానుభావా? మాంసం ముక్కలున్నాయి, నీకిష్టమని బీట్‌రూట్ కూడా పెట్టాను."

"ఎండకి ఏదీ సయించట్లేదు."

"ఎండకా? పొద్దున దాటొచ్చిన ఆ తెల్లబండికా?"

"ఏ తెల్లబండి?"

"ఏ తెల్లబండా! ఇవాళ మనకి ఈ దారిలో కనపడ్డ బండ్లెన్ని, డెస్? ఒకే ఒక్కటి. అది ఏదని నన్నడుగుతున్నావ్."

"ఓ, అదా. కమ్మీల దగ్గర ఆగుంది, అదేగా?"

"అదే. పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా కమ్మీలేశారు చూడు, అక్కడ. బానెట్ ఎత్తి ఉంది. పక్కన మనిషి నిలబడున్నాడు. నువ్వు ఆపలేదు."

"చెయ్యి ఊపాడు కదా, పర్లేదు పొండి అని."

"ఊపాడా?"

"ఊపాడు. నువ్వు ఆ పక్క సముద్రం చూస్తున్నావ్."

"నేను అతన్నే చూస్తున్నా. తలమీది టోపీ తీశాడు. చెయ్యి ఊపలేదు."

"ఆ టోపీతోనే ఊపాడు."

"టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, డెస్. దాన్ని ఊపడం అంటారా?"

"అబ్బా! ఇప్పుడేమంటావ్? తొంభై కిలోమీటర్లు వచ్చేశాం."

"నేనేమీ అనలేదు. అడిగానంతే."

"వెనకాల ఇంకో బండి వస్తోంది. అద్దంలో చూశా. వాళ్ళు ఆపే ఉంటారు."

"ఏ రంగుది?"

"ఏది?"

"ఆ వెనకాల వచ్చిన బండి."

"అంత దుమ్ములో రంగేం తెలుస్తుంది?"

"ఆ దుమ్ము మనదే. మన వెనక మన దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. సరే, ఉందనే అనుకుందాం. రేడియో ఎందుకు కట్టేశావ్?"

"గరగరమంటోంది."

"కొన్నప్పట్నుంచీ గరగరమంటూనే ఉంది. అయినా దారిన పోయే బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఆ నలభయ్యో చానల్ తెరిచి పెట్టకపోతే నీకు స్టీరింగ్ మీద చెయ్యి నిలవదు. ఎవరైనా సాయం అడిగితే వినపడాలంటావ్. అట్లాంటివాడివి కమ్మీలు దాటిన ఐదో నిమిషంలో టక్కున కట్టేశావ్. అతను పిలుస్తాడనా?"

"టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ."

"నాకు అరవై ఆరేళ్ళు, గ్లెనిస్. ఈ దేశంలో చెడిపోయిన ప్రతి ఇంజనూ నేనే బాగుచెయ్యాలా?"

"చేస్తూనే ఉన్నావుగా. మన ఇరవై ఐదో పెళ్ళిరోజు విందుకి పోతూ పోతూ ఎవరిదో బండి కింద దూరావు. మసి పూసుకుని వచ్చి ఆ చేత్తోనే కేకు కోశావు."

"ఆ కథ ఇప్పుడెందుకు?"

"మొన్నటికి మొన్న ఆ జర్మన్ జంటకి? మూడు గంటలు. చల్లపెట్టెలో ఐసంతా వాళ్ళకిచ్చేశావు. చేపలు కంపుకొట్టినా నేను పల్లెత్తు మాటన్లేదు."

"అన్నావ్."

"ఒకటో రెండో అన్నానేమో. అది కాదు డెస్, నేననేది. బానెట్ లేచి కనపడితే నీ కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు నీతో కాపురం చేశాను. ఇవాళ ఆ కాలు ఎటు పోయింది?"

"అసలు ఈ దారిన పోదామన్నది నువ్వు. నేను తారురోడ్డు అన్నాను. సముద్రం పక్కనే పోవాలని పట్టుబట్టావు. పొద్దున్నే అలారం పెట్టి మరీ లేపావు."

"మాట మార్చకు."

"మార్చట్లేదు. ఈ దారిన రాకపోతే ఈ గొడవే లేదంటున్నా."

"ఏ గొడవ? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, చెయ్యి ఊపాడు, మనం వచ్చేశాం. గొడవేముంది ఇందులో?"

"ఏమీ లేదు."

"మరి ఆ టీలో మూడోసారి చక్కెరెందుకు వేస్తున్నావ్? కప్పు కింద పెట్టు, ఒలుకుతుంది."

"ఆగు. ఏదో బండి వస్తోంది."

ఉత్తరం నుంచి వచ్చిన బండి వ్యాన్ పక్కన ఆగింది. నడుపుతున్న పెద్దావిడ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"బాగానే ఉన్నారా? ఏమైనా కావాలా?"

"ఏమీ వద్దండీ. టీకి ఆగాం."

"నీళ్ళున్నాయా?"

"ఎనభై లీటర్లున్నాయి."

"మంచిది. ఊరికే ఆగినవాళ్ళని కూడా అడుగుతుందేంటి ఈవిడ అనుకోకండి. ఆగిన బండి కనపడితే అడక్కుండా పోలేను నేను. రెండేళ్ళ కింద ఒకాయన్ని ఇట్లాగే చూసి కూడా ఎవరో వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఆయనకి కనపడ్డాడు, పాపం... ఎందుకులెండి, తినేటప్పుడు ఆ మాటలు. మీరు దక్షిణం నుంచేనా రావడం?"

"అవునండీ."

"మీ వెనకాల ఎవరైనా ఇబ్బందిలో ఉన్నారా?"

"మా వెనకాలా?"

"కమ్మీల వైపు. నేనంత దూరం పోను, ఈ ముందు గేటులోంచి మా గొర్రెల ఫారానికి తిరిగిపోతా. ఎవరైనా ఉన్నారంటే చెప్పండి, పోయి చూసొస్తా. ఇవాళ ఇక ఈ దారిన వచ్చేవాళ్ళు లేరు."

"లేరండీ."

"ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"మీరేమైనా చూశారామ్మా?"

"ఆయన చెప్పారుగా."

"అయితే సరే. సాయంత్రమైతే కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి, పొద్దుండగానే ఎక్కడో ఒకచోట ఆగిపోండి. వస్తా మరి."

ఆవిడ బండి లేపిన దుమ్ము అణిగేదాకా ఇద్దరూ అటే చూస్తూ కూర్చున్నారు.

"గేటులోకి తిరిగిపోయింది, డెస్."

"చూశాను."

"మంచావిడ."

"అబద్ధం చెప్పాను."

"విన్నాను."

"నువ్వెందుకు మాట్లాడలేదు? అక్కడ మనిషున్నాడని నీకూ తెలుసు. ఒక్క మాట అనుంటే ఆవిడ వెళ్ళేది."

"నువ్వంటావేమోనని చూశాను."

"అనలేకపోయాను. ఉన్నాడంటే, మరి మీరెందుకు ఆపలేదని అడిగేది. అడక్కపోయినా ఆ కళ్ళతో చూసేది. ఏం చెప్పాలి?"

"నిజం చెప్పాలి."

"ఏం నిజం? నీకు తెలుసా నిజమేంటో?"

"నువ్వు చెప్తే వింటా."

"వాడు కెల్."

"ఊఁ."

"ఊఁ అంటావేంటి? వాడు కెల్ అంటున్నా! మా తమ్ముడు కెల్!"

"వింటున్నా, డెస్. చెప్పు."

"దూరం నుంచే తెలిసిపోయింది. ఒక కాలి మీద బరువేసి, నడుం మీద చెయ్యి పెట్టి... మా నాన్న పడవలో అట్లాగే నిలబడేవాడు. కాదులే, కెల్ ఇక్కడికెందుకొస్తాడు, వాడి ఊరు ఇక్కడికి ఒకరోజు ప్రయాణం అనుకున్నా. దగ్గరికొచ్చాక మొహం చూశా. ముసలాడైపోయాడు, గ్లెనిస్. నాకంటే ఐదేళ్ళు చిన్న వాడు. జుట్టంతా పోయింది. నన్ను చూశాడు. టోపీ తీశాడు. నవ్వబోయాడు."

"అప్పుడు?"

"కాలు ఎటు పోయిందని అడిగావుగా? బ్రేకు మీదికే పోయింది మొదట. నిజం, ఒట్టు. పోయి, మళ్ళీ లేచింది. లేచి పక్కదాన్ని తొక్కింది."

"పదకొండేళ్ళైంది, డెస్."

"అయితే? పదకొండేళ్ళైతే చేసింది చెరిగిపోతుందా? ఒక్కరోజు ఆగమన్నాను వాణ్ణి. ఒక్కటంటే ఒక్కరోజు! నా బండి చక్రం ఊడి ఎడారి మధ్యలో కూర్చున్నా. నన్ను చూసి కూడా మూడు బండ్లు ఆపకుండా పోయాయి. నాలుగోవాడు ఆపాడు కాబట్టి బతికాను. నేను ఊరు చేరేసరికి వీడు పడవేసుకుని పోయి, నాన్న బూడిద సముద్రంలో కలిపేసి, ఒడ్డున కూర్చుని బీరు తాగుతున్నాడు!"

"గాలి మారుతోందన్నాడు. అలలు లేస్తే వారం దాకా పడవ కదలదన్నాడు."

"వారం ఆగితే నాన్నేమైనా లేచి వెళ్ళిపోయేవాడా? వాడి తరఫున మాట్లాడకు."

"వాడన్న మాట చెప్తున్నానంతే. మీ నాన్న గాలి బాగున్నప్పుడే పోవాలనేవాడని కూడా అన్నాడు. నువ్వు వినలేదు. తలుపేసేశావ్."

"వేశాను. వేసి మంచి పని చేశాననే అనుకున్నా ఇన్నాళ్ళూ."

"ఇప్పుడు?"

"ఇప్పుడా? పదకొండేళ్ళుగా ఆ మూడు బండ్లవాళ్ళని తిట్టిపోస్తున్నా. వాళ్ళకి చావొచ్చినా ఎవడూ ఆపకూడదని కూడా అన్నా. ఇవాళ నేనూ వాళ్ళ జట్టులో చేరిపోయా. అదీ ఎవర్ని చూసి? సొంత తమ్ముణ్ణి చూసి. సిగ్గుగా ఉంది, గ్లెనిస్. నీ మొహం చూడలేకపోతున్నా."

"చూడు పర్లేదు. నేనూ అంత గొప్పదాన్నేం కాదు."

"వాడి దగ్గర నీళ్ళుంటాయంటావా?"

"ఉండే ఉంటాయి."

"వాడి సంగతి నీకు తెలీదు. చిన్నప్పుడు వేటకి పోతే వాడు నీళ్ళు తెచ్చుకోడు, నా సీసా తాగేసేవాడు. పైగా పోయినేడు గుండెకి ఆపరేషన్ అయిందట."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరో అన్నారు."

"ఎవరూ అన్లేదు. నువ్వే హాస్పిటల్‌కి ఫోన్ చేశావ్. పేరు చెప్పకుండా, తెలిసినవాణ్ణి అన్నావ్. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ విన్నాను."

"విని నన్నడగలేదే?"

"అడిగితే లేదనేవాడివి. ఇప్పుడు తెల్లబండి లేదన్నట్టు."

"లే. కుర్చీ మడతపెట్టు. వెనక్కి పోదాం."

"నిజంగానా?"

"ఇంకో నిమిషం కూర్చుంటే మళ్ళీ కోపం గుర్తొస్తుంది. లే, గ్లెనిస్! ఆ కప్పులు కడగొద్దు, అట్లాగే పడెయ్ లోపల!"

నీడగుడ్డ సరిగ్గా చుట్టకుండానే వ్యాన్ దక్షిణానికి తిరిగింది.

"రేడియో పెట్టు. పిలువు వాణ్ణి."

"ఇంత దూరం అందదు, డెస్."

"అందకపోయినా పిలువు. నీడలో కూర్చోమను. బండి వదిలి నడవద్దని చెప్పు. తిక్కవాడు, నడిచినా నడుస్తాడు. ఎవరూ ఆపట్లేదని వాడికి తెలిసిపోయిందిగా!"

"నడవడు. ఉంటాడక్కడే."

"నీకేం తెలుసు? ఛ, పొద్దున పదింటికి చూశాం. ఇప్పుడు రెండు కావొస్తోంది. పోయేసరికి ఐదు. ఏడు గంటలు! గుండె కోసి కుట్టిన మనిషి, ఈ ఎండలో..."

"కాస్త మెల్లిగా, గిన్నెలన్నీ కింద పడుతున్నాయి."

"పడనీ. ఆవిడ చెప్పింది విన్నావుగా, ఆ పాపం మనిషి సంగతి? ఎవరో చూసి కూడా వెళ్ళిపోయారంది. అది వినీ నేను ఎవరూ లేరన్నాను. రెండుసార్లు అన్నాను!"

"డెస్, ఊపిరి తీసుకో."

"ఏం మొహం పెట్టుకుని దిగాలి? ఏమంటాను వాడితో? చూళ్ళేదంటే నమ్ముతాడా?"

"నమ్మడు. అట్లాంటివి చెప్పకు."

"చెప్పను. తిట్టనీ. కొట్టనీ. నాన్న సంగతి కూడా ఇక ఎత్తను. వాడు బతికుంటే చాలు."

"ఒక్క నిమిషం బండి ఆపు. నీతో ఒక మాట చెప్పాలి."

"ఆపను. ఇవాళ ఆపాల్సినచోట ఆపకుండా, ఇప్పుడు ఆపేదేంటి?"

"నాదీ తప్పుంది, డెస్."

"నీదేముంది? పొద్దున్నుంచీ అడుగుతూనే ఉన్నావ్. దాటొచ్చింది నేను, దాచింది నేను, ఆవిడతో అబద్ధమాడింది నేను."

"నీ అంతట నువ్వే వెనక్కి తిప్పుతావని కూర్చున్నా. ఇదిగో ఇప్పుడంటాడు, ఇదిగో ఇప్పుడంటాడు అని. ముందే చెప్పాల్సింది. నోరు రాలేదు."

"ఏం చెప్పాల్సింది?"

"మెల్లిగా పోనీ, తొందరేం లేదు. కెల్ బండికి ఏమీ కాలేదు. బానెట్ ఎత్తి నిలబడమని వాడికి చెప్పింది నేనే. ఎంత కోపమున్నా సరే, బానెట్ లేచిన బండిని దాటి మా డెస్ పోడని వాడికి మాటిచ్చాను."