కర్ర లేకుండా తిరిగొచ్చిన జెండా

పెరమ, 2016 నవంబరు 10, గురువారం

విచారణ మేజిస్ట్రేటు గారికి,

నా చేతిరాత బాగుండదు, రాతలో తప్పులు కూడా ఉంటాయి, మన్నించాలి. నేను పుట్టిన దీవిలో బడి నాలుగో తరగతి వరకే ఉండేది. మంగళవారం మీ గదిలో నాకు నోరు పెగల్లేదు. ఇంటి దగ్గర నింపాదిగా రాసి పంపండి, అదే మీ వాంగ్మూలంగా తీసుకుంటాను అన్నారు. అందుకని రాస్తున్నాను.

నా పేరు ఆర్గిరిస్ వల్సామిస్. తండ్రి పేరు నికితాస్. వయసు డెబ్బై తొమ్మిది. పెరమ రేవులో ఓడల అడుగున తుప్పు గీకే పని చేసేవాణ్ణి, ఇప్పుడు పింఛను మీద బతుకుతున్నాను. భార్య పోయింది. మెట్ల వీధిలో మూడో అంతస్తులో ఒక్కణ్ణే ఉంటాను. ముద్దాయిలు ఫానూరిస్, మిల్తోస్, స్తెలియోస్ ముగ్గురూ నాకు తెలుసు. మిల్తోస్ మా కింది వాటా పాగోనమ్మ కొడుకు.

ఓడల యార్డు మూతపడిన ఏడాది కాగడా పార్టీ మా పేటకి వచ్చింది. అంతకుముందు వాళ్ళకి ఇక్కడ పట్టుమని పది ఓట్లు లేవు. మూసేసిన కుర్చీల కొట్టు మీద ఆఫీసు పెట్టారు. శనివారాలు కూడలిలో బంగాళాదుంపలు, నూనె పంచేవాళ్ళు. గ్రీకువాళ్ళకి మాత్రమే, గుర్తింపు కార్డు చూపించాలి. నేనూ తీసుకున్నాను. మంచి బంగాళాదుంపలు. బ్యాంకు దగ్గర ముసలివాళ్ళని దోచుకుంటున్నారని, పింఛను రోజున నల్ల చొక్కాల కుర్రాళ్ళు మమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు. "మేముండగా నీ మీద ఈగ వాలదు బాబాయ్" అనేవాడు ఫానూరిస్. నిజంగానే వాలలేదు. తర్వాత ఎన్నికల్లో పార్లమెంటుకి వెళ్ళారు. ఆ తర్వాత సంతలో పరాయిదేశం వాళ్ళ బళ్ళు తలకిందులు కావడం మొదలైంది. కాఫీ కొట్టులో జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

నయీమ్ పెట్రోలు బంకులో కార్లు కడిగేవాడు. పాకిస్తాన్ నుంచి వచ్చాడు. వాన పడితే నన్ను గొడుగు కింద రోడ్డు దాటించేవాడు. అది చూసి ఒకసారి ఫానూరిస్ ఆపాడు.

"ఆ పరాయోడితో ఏం కబుర్లు బాబాయ్?"

"వాన గురించిరా."

"వాన గురించి మాట్లాడ్డానికి మనోళ్ళు దొరకలేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

2013 మే 29, బుధవారం. అయిదువందల అరవై ఏళ్ళ కిందట మా గ్రీకుల పాత రాజధాని నగరం తురకల చేతికి పోయిన రోజు కాబట్టి సాయంత్రం వాళ్ళకి కాగడాల ఊరేగింపు ఉంది. ఉదయం తొమ్మిదింటికి ముగ్గురూ నా తలుపు కొట్టారు. మోకాలు నొప్పిగా ఉంది, రేపు వెళ్దాం అన్నాను. "ఇవాళే పద బాబాయ్, కావాలంటే ఎత్తుకెళ్తాం" అన్నాడు ఫానూరిస్. మిల్తోస్ చేతిలో జెండా ఉంది. పార కామ అంత లావు కర్రకి చుట్టి ఉంది.

బ్యాంకు గుమ్మం దగ్గర ఫానూరిస్ నా భుజం మీద చెయ్యేసి ఫోనులో ఫోటో తీశాడు. "నవ్వు బాబాయ్, పెళ్ళికొడుకులా ఉన్నావ్." లోపల జనం చాలామంది ఉన్నారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, కదలొద్దు, సిగరెట్లు తెచ్చుకుంటాం అని చెప్పి, ముగ్గురూ పెట్రోలు బంకు వైపు దిగిపోయారు. సిగరెట్ల కొట్టు నా పక్కనే ఉంది. అరగంట దాకా రాలేదు.

తిరిగొచ్చేటప్పటికి జెండా మడతపెట్టి మిల్తోస్ చొక్కాలో దోపి ఉంది. కర్ర లేదు. నాకు నువ్వుల రొట్టె కొనిచ్చాడు. ఇచ్చేటప్పుడు నువ్వులన్నీ నా ప్యాంటు మీద రాలాయి.

"కర్రేదిరా?" అన్నాను.

మిల్తోస్ వంగి నా ప్యాంటు మీది నువ్వులు దులపసాగాడు. "ఏ కర్ర?" అన్నాడు ఫానూరిస్. అప్పుడే అంబులెన్సు మోత వినబడింది. స్తెలియోస్ నా వీపు తట్టి, "నీ వంతు ఇంకా రాలేదులే బాబాయ్" అన్నాడు. తర్వాత ముగ్గురూ నాతో బ్యాంకులోకి వచ్చారు.

బంకు దగ్గర ఎవరో కొడితే నయీమ్‌కి ఎడమ కన్ను పోయిందని సాయంత్రం రొట్టెల కొట్టులో విన్నాను. ఆ రోజుల్లో ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పార్టీ పెద్దలు జైల్లో ఉన్నారు. ఓట్లు కరిగిపోయాయి. ఆఫీసు ఉన్నచోట ఫోను తొడుగులు అమ్ముతున్నారు. అప్పుడు వాళ్ళకి చెయ్యి ముందుకు చాచి సెల్యూట్ కొట్టినవాళ్ళు ఇప్పుడు ఆ వీధిలో మొహం తిప్పుకుని నడుస్తున్నారు. అందుకే బంకులో నయీమ్‌తో పనిచేసినవాడు ధైర్యం చేసి ఈ ముగ్గురి పేర్లు చెప్పాడు. వాళ్ళేమో ఆ పొద్దున్నంతా నాతోనే ఉన్నామని, ఫోటో కూడా ఉందని చెప్పారు. ఆ పార్టీ చచ్చిన పాము, ఇంకా భయమేంటి అంటున్నారు జనం. ఆ పాము పడుకున్న మెట్లే ఎక్కి నేను ఇంటికి వెళ్ళాలి.

పాగోనమ్మ నిమ్మరసం పిండిన కోడి చారు తెచ్చింది.

"ముగ్గురూ నీతోనే ఉన్నారని ఒక్క ముక్క చెప్పు బాబాయ్. అబద్ధం కూడా కాదుగా. నీతోనే వెళ్ళారు, నీతోనే వచ్చారు."

"మధ్యలో వెళ్ళిపోయారమ్మా."

"మధ్యలో సంగతి ఎవరడుగుతారు?"

"మేజిస్ట్రేటు అడుగుతారు."

ఆవిడ ఏడ్చింది. "మీ ఆవిడ శవపేటికని ఈ మెట్ల మీంచి భుజం మీద మోసి దింపింది నా కొడుకు కాదూ?" అంది. వాడే. అది కూడా నిజం. అది కూడా నమోదు చెయ్యండి.

పోయిన శనివారం రెండో అంతస్తు మలుపులో ఫానూరిస్ నిలబడి ఉన్నాడు.

"జ్ఞాపకం ఎలా ఉంది బాబాయ్?"

"వయసైపోయిందిరా."

"మంచిదే. మతిమరుపోళ్ళు ఎక్కువ కాలం బతుకుతారంట. మెట్లు జాగ్రత్త."

నా చేతిలో రొట్టెల సంచి తీసుకుని పై దాకా వచ్చి, గడియకి తగిలించి, ఈల వేసుకుంటూ దిగిపోయాడు. నన్ను ముట్టుకోలేదు. అప్పట్నుంచి, మీ దగ్గరికి వచ్చిన రోజు తప్ప, నేను కిందికి దిగలేదు. తలుపుకి కుర్చీ ఆనించి, అందులోనే కూర్చుంటున్నాను.

ఆ అరగంట వాళ్ళు నాతో లేరు. నేను బల్ల మీద ఒక్కణ్ణే ఉన్నాను. వాళ్ళు నాతో లేరు.

ఇందులో రాసింది నా కళ్ళతో చూసింది, నా చెవులతో విన్నది, మిగతాది లేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా రాశానని చివర రాయాలని మీ గుమస్తా చెప్పాడు. ఒత్తిడి ఉందండీ. కానీ అది ఇలా రాయమని కాదు.

కోర్టులో నా పేరు పిలిచే రోజు ఏదో ముందుగా చెప్పండి. ఆ రాత్రి ఇంటికే రావాలా, వేరే చోటు చూపిస్తారా, అదీ చెప్పండి. దయచేసి త్వరగా జవాబు రాయండి. కవరు మీద కోర్టు ముద్ర వెయ్యకండి. మా మెట్ల వాళ్ళ ఉత్తరాలన్నీ పాగోనమ్మే తీసి పంచుతుంది.

(సంతకం)
ఆర్గిరిస్ వల్సామిస్