ఖలాజకు అర్థం చెప్పిన ఏసేపు

ఆ పొద్దు కల్లూరు ఏసు గుడి అరుగు మీద సంఘమంతా కూర్చుంది. ఊర్లో వాక్యం చెప్పే కొత్త ఉపదేశిగా ఎవరి పేరు మిషనరీ దొరకు పంపాలో తేల్చాలి. దొరకు వంట చేసే ఏసేపు ఆ పని తనకే రావాలని, సాక్ష్యంగా ఒక సొట్టల రాగిగిన్నె కూడా తెచ్చుకుని మొదలుపెట్టాడు.

"నేను గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాదప్పా. పోయినేడు మన ఊరి బయట దొర డేరా వేసె గదా, అప్పుడు బైబిలు ముందర పెట్టుకొని తల పట్టుకొని కూర్చునె. ప్రకటన గ్రంథంలో ఖలాజ అని ఒక గ్రీకు మాట, దానికి తెలుగేందో తెలీక మూడు దినాలు అన్నం ముట్టలే. నేను చారు పోస్తా పోస్తా తొంగి చూసి, 'వడగండ్లు దొరా' అంటి. అంతే, లేచి నా చెయ్యి పట్టుకునె!"

"నీకు గ్రీకు ఎప్పుడొచ్చె?" సంఘ పెద్ద ప్రేమయ్య కండ్లు చిన్నవి చేసి అడిగాడు.

"చారు కాగేలోపల నేర్చుకుంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మాట పైకి చదివితినో లేదో, మబ్బు కమ్మె. మొదట నిమ్మకాయంత వడగండ్లు. ఇంకోసారి చదివితే టెంకాయంత. మూడోసారికి ఒకటి పడె చూడు, ఇసుర్రాయంత! దాన్ని ఈ గిన్నెలో పెట్టి, నెత్తిన మోసుకొని, మండే ఎండలో ఎర్రగుంట్ల దాకా నడిస్తి. ఒక్క చుక్క కరగలే. దోవ పొడుగునా కరగొద్దని గ్రీకులో చెప్తానే ఉంటి గదా! దాన్ని చూడను రైలే నిలబడిపాయె!"

"దొర బండి తోలింది నేనే గదా, నాకు ఆ ఇసుర్రాయి కనపడలేదే?" అన్నాడు నబీ సాహెబ్ అనుమానంగా.

"నువ్వు ఎద్దులకు నీళ్ళు తాపను పోయింటివి."

"నువ్వు ఎర్రగుంట్లకు పోయొచ్చేదాకానా?"

"శానా దప్పికతో ఉండె సాహెబూ, ఆ ఎద్దులు!"

ప్రేమయ్య నవ్వలేదు. గిన్నె తీసుకుని తడిమి చూసి, బోర్లించాడు.

"ఏసేపూ, సొట్టలన్నీ అడుగున ఉండాయి, బయటినుంచి లోపలికి. లోపల బరువు మోస్తే ఇట్ల పడతాయా?"

మేకలు కాసుకునే విశ్వాసమ్మ లేచి నిలబడింది.

"ఎట్ల పడినాయో నేను చెప్తా. ఆ దినం వడగండ్లు పడింది నిజమే. దొర ఊర్లోకి పోయిండె. ఈయప్ప ఆ గిన్నె నెత్తిన బోర్లించుకొని డేరాలోకి ఉరికె. నేను వెనకాలే పోతే, లోపల్నుంచి తలుపుగుడ్డ కట్టేసుకునె. 'తియ్యప్పా, సచ్చిపోతా' అని మొత్తుకుంటి. తియ్యలే." కొంగు వెనక్కి తీసి నుదుటి మీది మచ్చ చూపించింది. "ఆ మాటకు అర్థం నాకు ఈడ ఉండాది."

ప్రేమయ్య గిన్నెను ఏసేపు ముందర పెట్టాడు.

"ఉపదేశి అంటే తలుపు తీసే మనిషప్పా," అన్నాడు. "ఇంకో పేరు చెప్పండి."